ఒక పౌను ధాన్యం, ఒక అణా

తమ్ముడూ,

1876-78 నాటి ధాత కరువు మీద నువ్వు రాస్తున్న నవల్లోంచి పంపిన మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. బళ్లారి సంత, అడుగంటిన చెరువు కళ్లకు కట్టాయి. బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ రాగానే మాత్రం కథ చప్పబడింది. మీసం మెలేస్తాడు, కొరడా ఝుళిపిస్తాడు. అచ్చం సినిమా విలన్.

అసలు టెంపుల్‌ని చూస్తే ఇంకా భయమేస్తుంది. 1874లో బీహార్‌లో కరువొస్తే ఇతనే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. డబ్బు తగలేశాడని పైవాళ్లు తిట్టిపోశారు. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చినప్పుడు, ప్రభుత్వం పెట్టిన కరువు పనిలో మగ కూలికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. బతికించడం చేతనైనవాడే ఆ లెక్క వేశాడు. దాని గురించి రాయి.

ముందు ఒక పని చెయ్యి. పౌనంటే సుమారు 450 గ్రాములు. అన్ని బియ్యం తూచి వంటింట్లో బల్ల మీద పోసి చూడు. నేనూ చూశాను. మొదట ఫర్వాలేదే అనిపించింది. పొద్దుగూకేదాకా కంకర కొట్టిన మనిషికి అంతేనని తలుచుకున్నాక ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఉప్పూ పప్పూ ఆ అణాతోనే కొనాలి, అదీ ధరలు మండిపోతున్న సంతలో. దేశం నుంచి ధాన్యం ఓడలెక్కడం మాత్రం ఆగలేదు.

ఆ కూలి చాలదని ప్రజారోగ్యం చూసే మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అప్పుడే గట్టిగా వాదించాడు. ఆయనా ఆ ప్రభుత్వ ఉద్యోగే. "ఆ రోజులే అలాంటివి, పాపం వాళ్లకేం తెలుసు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కోసమైనా కార్నిష్‌కి నీ నవల్లో చోటివ్వు. చనిపోయినవాళ్లు 55 లక్షల నుంచి కోటి దాకా అని రకరకాల అంచనాలున్నాయి. ఆ తగువు కథలోకి లాగకు, ఒక్క ఇంటిని పట్టుకో.

కాటన్ దొర మాటకొస్తే, మీ అమ్మమ్మగారిది ధవళేశ్వరం అన్నావు. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది. ఆయన మీద జనానికున్న ప్రేమ నిజమైంది, దాన్ని వెక్కిరించకు. ఆ ప్రేమ చూపించి బళ్లారి చావుల్ని మాఫీ చేసే పాత్రని మాత్రం ఎదురు ప్రశ్న లేకుండా వదలకు. ఆ ఆనకట్టకి ఈస్టిండియా కంపెనీ డబ్బిచ్చింది శిస్తు పెరుగుతుందన్న లెక్క కూడా చూసుకునే.

నాలుగో అధ్యాయం అవగానే పంపు. ఆ కూలివాడి భార్య అణా కొంగున ముడేసుకుని సంతకెళ్లే పేజీ కోసం చూస్తుంటాను.

మీ అన్న