కాన్‌బెర్రాలో ఆ రంగు దుంగలు చూడదగ్గవేనా? (నా జవాబు)

పిల్లలతో కాన్‌బెర్రా వెళ్తున్నాం, నేషనల్ గ్యాలరీలో ఉన్న 'అబోరిజినల్ మెమోరియల్' (ఆస్ట్రేలియా ఆదివాసుల స్మారకం) ఫొటోల్లో రంగులేసిన దుంగల్లాగే కనిపిస్తోంది, అందులో నిరసన ఎక్కడుంది అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సిడ్నీ నుంచి మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ చుట్టూ ఒక రౌండు కొట్టి, నాలుగు ఫొటోలు తీసుకుని కాఫీకి వెళ్ళిపోయాను. మధ్యలోంచి దారి ఉందని రెండోసారి వెళ్తేగానీ తెలియలేదు. మీరు మాత్రం ఆ దారిలోనే నడవండి.

అవి శవపేటికలు. ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో మనిషి పోయిన చాలా కాలానికి ఎముకలు శుభ్రం చేసి, ఎర్రమన్ను పూసి, చెదలు లోపలంతా తినేసిన నీలగిరి జాతి చెట్టు దుంగలో పెట్టి నిలబెట్టేవారు. దుంగ మీద ఆ మనిషి వంశానికి చెందిన బొమ్మలే వేస్తారు, ఎవరివి పడితే వారివి వేయకూడదు. కొన్నింటికి పైన చిన్న రంధ్రం ఉంటుంది, ఆత్మ బయటికి చూడ్డానికట. గ్యాలరీలో ఉన్నవాటిలో ఎముకల్లేవు. కళ కోసమే చేసినవి.

నిరసనంతా లెక్కలో ఉంది. 1788లో తెల్లవాళ్ళు వచ్చి దిగినందుకు 1988లో దేశమంతా ద్విశతాబ్ది సంబరాలు చేసుకుంది. ఆ జనవరి 26న సిడ్నీలో వేల మంది ఆదివాసులు, వాళ్ళకు తోడు వచ్చినవాళ్ళు ఊరేగింపు తీశారు. ఆర్నెమ్ ల్యాండ్‌లోని రామింగినింగ్ అనే ఊళ్ళో కళా సలహాదారుగా ఉన్న జాన్ మండైన్‌ది ఇంకో ఆలోచన: ఏడాదికొకటి చొప్పున 200 దుంగలు. తమ నేలను కాపాడుకుంటూ చచ్చిపోయి, అంత్యక్రియలకు కూడా నోచుకోని వాళ్ళందరికీ. 43 మంది కళాకారులు చేశారు. నడిచే దారి అక్కడి గ్లైడ్ నది వంపు. ఏ వంశం నేల ఆ నది పక్కన ఎక్కడుందో, వాళ్ళ దుంగలు అక్కడే నిలబడతాయి. కాన్‌బెర్రాలో యుద్ధ స్మారకం ఎంత పెద్దదో చూస్తారుగా. అందులో ఈ పోరాటాలకు దశాబ్దాలపాటు దక్కని చోటు ఇక్కడ దక్కింది.

దుంగలు చేసిన ఆ కళాకారుల్లో డేవిడ్ మలంగి పేరు వెతకండి. 1966లో వచ్చిన డాలర్ నోటు మీద ఆయన బొమ్మను అడక్కుండానే అచ్చేశారు. తర్వాత ఒక వెయ్యి డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామాను ఇచ్చారు! మా పిల్లలకు దుంగలకన్నా ఈ కథే ఎక్కువ గుర్తుంది.

నన్ను పట్టుకున్నది వేరు. మా అమ్మమ్మది ఉట్నూరు దగ్గర ఊరు. మేం గోండులం కాదు, కానీ బస్సు ఇంద్రవెల్లి దాటుతుంటే అందరి తలలూ స్తూపం వైపు తిరిగేవి. 1981 ఏప్రిల్ 20న అక్కడ సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది. ఊళ్ళ లెక్క అంతకు చాలా ఎక్కువ. పోయినవాళ్ళ గుర్తుగా కట్టిన స్తూపాన్ని 1986లో కూల్చేస్తే మళ్ళీ కట్టారు. చాలా ఏళ్ళు ఆ రోజున నివాళికి పోవాలన్నా ఆంక్షలే. కాన్‌బెర్రాలోనేమో ప్రభుత్వ గ్యాలరీయే డబ్బిచ్చి చేయించి, ఏసీ హాల్లో పెట్టుకుంది. అది గౌరవమా, కోపాన్ని అద్దాల మేడలో పెట్టి చల్లార్చడమా అని నాకు ఇప్పటికీ ఎటూ తేలదు. ఆ దుంగల మధ్య నిలబడినప్పుడు మాత్రం బొందలగడ్డలో ఉన్నట్టే మాట తగ్గుతుంది.

శాశ్వత సేకరణకు టికెట్ లేదు. అరగంట చాలు. అయ్యాక పాత పార్లమెంటు దాకా నడవండి, దగ్గరే. దాని ఎదుటి పచ్చికలో 1972 జనవరి 26 రాత్రి నలుగురు ఆదివాసీ కుర్రాళ్ళు బీచ్ గొడుగు పాతి, అదే తమ రాయబార కార్యాలయం అన్నారు. పోలీసులు పీకేసినా మళ్ళీ మళ్ళీ వచ్చింది, ఇప్పటికీ ఉంది. అక్కడి నిప్పు వాళ్ళకు పవిత్రం, ఫొటో తీసేముందు ఎవరినైనా అడగండి. మమ్మల్ని ఒక పెద్దాయన కూర్చోమన్నారు.