పిల్లల పోషణకు నెలకు ఎంత? ముందు వాళ్ల ఖర్చు రాయండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. జీతం 52,000 రూపాయలు, బ్యాంకులో పడేది 36,180. నేనూ నా భార్యా ఏడాదిగా వేరుగా ఉంటున్నాం. ఆమె పిల్లలిద్దరితో పార్వతీపురంలో పుట్టింట్లో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది, జీతం 14,000. పాపకు తొమ్మిదేళ్లు నిండాయి, బాబుకు ఐదు. పిల్లల కోసం నెలకు 6,000 ఇస్తానన్నాను. అటువాళ్లు 20,000 అడుగుతున్నారు. జీతంలో పావువంతు ఇస్తే సరిపోతుందని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఐదు లక్షలు ఒకేసారి ఇచ్చి స్టాంపు కాగితం మీద రాయించుకోమని పెద్దమనుషుల సలహా. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఆమె మందులకు నెలకు 3,000 అవుతుంది. ఊళ్లో పొలం మీద పత్తి డబ్బు నా వాటాకు ఏడాదికి 30,000 దాకా వస్తుంది. సెలవుల్లో పిల్లలు నా దగ్గర ఉంటే ఆ నెల తగ్గించుకోవచ్చా? వచ్చే నెల మళ్లీ మాట్లాడుకోవడానికి కూర్చుంటున్నాం. ఎంత ఇవ్వడం న్యాయం?

జవాబు: మీ 6,000 ఎక్కడి నుంచి వచ్చిందో మీ ఉత్తరంలో లేదు. వాళ్ల 20,000 ఎలా తేలిందో కూడా లేదు. ఇద్దరూ బేరం మొదలుపెట్టారు గానీ పిల్లలకు నెలకు ఎంత ఖర్చవుతోందో ఎవరూ రాసి చూసినట్టు లేదు. లెక్క అక్కడే మొదలవ్వాలి.

పావువంతు సంగతి ముందు తేల్చేద్దాం. ఇంత జీతానికి ఇంత భరణం అని చెప్పే పట్టిక మన చట్టంలో ఏదీ లేదు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం భార్యకు సబబని అన్నది. అది ఆ కుటుంబం పరిస్థితులు చూసి చెప్పిన మాట. దాన్నే అందరూ సూత్రంలా వల్లిస్తున్నారు. పిల్లల విషయంలో మీకు పనికొచ్చే తీర్పు అంతకన్నా పాతది. 2000లో పద్మజా శర్మ కేసులో తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగస్తులే. పిల్లల ఖర్చును ఇద్దరూ తమ జీతాల నిష్పత్తిలో భరించాలని సుప్రీంకోర్టు చెప్పింది. నేను ఆ దారినే లెక్క కడతాను.

మీ ఆదాయం 36,180 కాదు. ఈ మాట మీకు నచ్చదని తెలుసు. మీరు పంపిన జీతం చీటీ చూస్తే పీఎఫ్‌కు 3,120, వృత్తి పన్నుకు 200 పోతున్నాయి. ఇవి మీ చేతిలో లేని కోతలు, కాబట్టి తీసేయవచ్చు. మీ జీతానికి కొత్త విధానంలో ఆదాయపు పన్ను పడదు. మిగిలినవి చెల్లి పెళ్లికి తీసుకున్న అప్పు వాయిదా 9,500, ఎల్ఐసీ ప్రీమియం 3,000. ఈ రెండూ మీరు ఎంచుకున్నవి. ఇలాంటి వాయిదాలను, పొదుపులను తీసేసి ఆదాయం తక్కువగా చూపిస్తే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. లేకపోతే అప్పు పెంచుకున్నకొద్దీ పిల్లల వాటా తగ్గించుకునే వీలు ఉండేది. అంటే జీతం నుంచి 48,680. దానికి పత్తి డబ్బు నెలకు 2,500 కలపండి. దాన్ని ఉత్తరంలో చెప్పి మంచి పని చేశారు. రేపు కోర్టు దాకా వెళితే 2020 నవంబరు 4న రజనేశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు ఇద్దరూ తమ ఆదాయాలు, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. బ్యాంకు ఖాతాలు బయటికి వస్తాయి, పొలం కాగితాలూ వస్తాయి. మొత్తం మీ ఆదాయం 51,180. మీ శ్రీమతి ఆదాయం 14,000.

ఇప్పుడు పిల్లల ఖర్చు. మీరు రాసిన కొద్దిపాటి వివరాలతో, పార్వతీపురం స్థాయి బడికి సరిపడేలా నేనొక లెక్క వేశాను. అంకెలు మీరు మార్చుకోండి, పద్ధతి మార్చకండి. ఇద్దరికీ కలిపి బడి ఫీజు ఏడాదికి 60,000 అనుకుంటే నెలకు 5,000. పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు జూన్‌లో ఒక్కసారిగా మీద పడతాయి. ఏడాదికి 14,400 అనుకుంటే నెలకు 1,200. బడి ఆటోకు 1,500. పాలు, గుడ్లు, టిఫిన్, బియ్యం, కూరలు, పండ్లలో పిల్లల వాటా 6,500. ఇంతా అని మీరు అనుకోవచ్చు. రోజుకు ఒక్కో పిల్లకు 108 రూపాయలే అవుతుంది. బట్టలు, పండుగలు కలిపి నెలకు 1,000. జ్వరాలు, మందులు 800. గ్యాసు, కరెంటు, నీళ్లలో వాళ్ల వాటా 1,300. అద్దె లేదు కాబట్టి వేయలేదు. తాతగారింట్లో ఉంటున్నారు, ఆయన అడగడం లేదు, అంతే.

ఇంకొకటి ఉంది. పాప రాయగడలో చదివినప్పుడు రెండో భాష ఒడియా. పార్వతీపురంలో తెలుగు పాఠం తప్పదు. ఇంట్లో తెలుగు మాట్లాడినా గుణింతాలు, ఒత్తులు దగ్గర ఆ పిల్ల రెండు తరగతులు వెనకబడి ఉంటుంది. తెలుగు ట్యూషన్‌కు 700 వేశాను. సరిహద్దు దాటి బడి మారిన పిల్లలకు ఈ ఖర్చు ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలో పెట్టరు.

మొత్తం సరిగ్గా 18,000. దీన్ని రెండు రకాలుగా పంచి చూద్దాం. ఉన్న ఆదాయాల నిష్పత్తిలో పంచితే ఇద్దరి మొత్తం 65,180లో మీది 78.5 శాతం. మీ వాటా సుమారు 14,100. మిగిలిన 3,900 ఆమెది. రెండో పద్ధతిలో ఇద్దరికీ బతకడానికి తలా 12,000 పక్కన పెట్టి, మిగిలినదాని నిష్పత్తి చూస్తాం. అప్పుడు మీకు మిగిలేది 39,180, ఆమెకు 2,000. మీ వాటా 95 శాతం, అంటే సుమారు 17,100. మొదటి పద్ధతి ఆమెకు కొంచెం అన్యాయం, ఎందుకంటే 14,000 జీతంలో 3,900 అంటే పెద్ద మొత్తం. పైగా పొద్దున లేచి పిల్లలకు జడలు వేసి, బాక్సులు కట్టి, రాత్రి జ్వరం వస్తే మేలుకునేది ఆమె. ఆ పనికి ఈ లెక్కల్లో ఎక్కడా అంకె లేదు. రెండో పద్ధతి మీ అమ్మగారి మందులను, అప్పును అసలు చూడదు. నన్నడిగితే 15,500 దగ్గర ఆగుతాను.

మీకు మిగులుతుందా? 51,180లో 15,500, వాయిదా 9,500, ఎల్ఐసీ 3,000, మందులు 3,000 పోగా 20,180 ఉంటుంది. ఇల్లు సొంతమైతే ఇది ఇబ్బందికరమైన బతుకేమీ కాదు. అప్పు తీరిన నెల నుంచి ఇంకా సులువవుతుంది. ఆ సులువులో కొంత పిల్లలకూ చేరాలని ముందే ఒప్పందంలో రాసుకోండి. ఇది పిల్లల ఖర్చు మాత్రమేనని గుర్తుంచుకోండి. మీ శ్రీమతికి భరణం వేరే విషయం. ఆమెకు ఉద్యోగం ఉన్నంత మాత్రాన ఆ హక్కు దానంతటదే పోదు. రెండింటినీ ఒకే అంకెలో కలిపేసి రాయకండి, తరువాత ఏది ఎవరిదో తేలదు.

ఐదు లక్షల సంగతి. నెలకు 15,500 చొప్పున అది 32 నెలలు వస్తుంది. అప్పటికి బాబుకు ఎనిమిదేళ్లు కూడా నిండవు. పైగా "ఇకపై ఏ హక్కూ లేదు" అని తల్లి సంతకం చేసినా పిల్లల పోషణ హక్కు పోదు. పెద్దమనుషులు సంతకం చేసినా అంతే. డబ్బూ పోతుంది, బాధ్యతా మిగులుతుంది. ఈ ఒక్క సలహా దగ్గర మాత్రం గట్టిగా వద్దని చెప్పి లేవండి.

మాట కుదరకపోతే ఆమె పార్వతీపురంలోనే కేసు వేయవచ్చు. మీరు ఒడిశాలో ఉన్నారన్నది అడ్డం కాదు. ఇలాంటి భరణం కేసు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద వేస్తారు, అంటే 2024 జులై 1కి ముందు సీఆర్‌పీసీలో 125గా ఉన్నదే. భార్య ఉండే జిల్లాలో కూడా దరఖాస్తుకు 145వ సెక్షన్ వీలిస్తుంది. అక్కడి ఆదేశాన్ని మీరున్న చోట అమలు చేయించవచ్చు. కేసు తేలేదాకా ఇచ్చే మధ్యంతర భరణం దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లోపు వీలైనంతవరకు తేల్చాలి. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కించాలని రజనేశ్ తీర్పు చెబుతోంది. కోర్టులో వాయిదాల మీద వాయిదాలు తీసుకుని పది నెలలు సాగదీస్తే ఒక్కసారిగా లక్షన్నర బాకీ మీద పడుతుంది. కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు కూడా ఉంది. మీ పొలం కాగితాలు ఒడియాలో ఉంటే తెలుగులోకో ఇంగ్లిషులోకో అనువాదం ముందే చేయించుకోండి.

సెలవుల తగ్గింపు వద్దు. పిల్లలు వేసవిలో మీ దగ్గర నెల ఉన్నా బడి ఫీజు ఆగదు. మహా అయితే తిండి ఖర్చు తగ్గుతుంది. ఆ రెండు మూడు వేల కోసం ప్రతి వేసవిలో ఫోనులో గొడవ పెట్టుకోవడం దండగ. అలాగే పిల్లలను చూడనివ్వలేదని డబ్బు ఆపకండి. చూసే హక్కు కోసం విడిగా కోర్టుకు వెళ్లవచ్చు. దసరాకు కొనిచ్చిన సైకిలు, బట్టలు కానుకలే, పోషణలో జమ కావు.

డబ్బు ఎప్పుడూ బ్యాంకు ద్వారానే పంపండి. రాయగడ నుంచి పార్వతీపురం వెళ్లే బావమరిది చేతికి నోట్లు ఇచ్చి పంపితే సాక్ష్యం ఉండదు. నేనైతే 10,500 ప్రతి నెలా 5వ తేదీన ఆమె ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయమంటాను. ఫీజుకు సంబంధించిన 5,000 విడి ఖాతాలో వేసి, టర్ముకోసారి బడికే నేరుగా కట్టి రసీదు ఆమెకు ఇవ్వండి. ఏటా జూన్‌లో మొత్తం 6 శాతం పెంచేలా రాసుకోండి. వచ్చే ఏడాదికి 16,430 అవుతుంది. ఉద్యోగం పోయినా, ఫీజులు ఒక్కసారి బాగా పెరిగినా ఆదేశాన్ని మార్చమని ఎవరైనా అడగవచ్చు, దానికి అదే సంహితలో 146వ సెక్షన్ ఉంది.

ఎంతకాలం అంటే ఇద్దరికీ 18 నిండేదాకా తప్పదు. పాప తనను తాను పోషించుకోలేకపోతే హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద పెళ్లి అయ్యేదాకా అడగవచ్చు. బాబుకు 18 నిండటానికి ఇంకా 13 ఏళ్లు. పెంపు లేకుండా చూసినా ఇవాళ్టి అంకె మీద 24 లక్షలు దాటుతుంది. ఈ మధ్యలో మీకేదైనా అయితే ఆ డబ్బు ఎక్కడిది? పొదుపు పాలసీ కాకుండా కనీసం 50 లక్షల టర్మ్ బీమా తీసుకోండి. తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పిల్లలిద్దరినీ లబ్ధిదారులుగా రాయించండి. అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. తరువాత రాయిస్తానంటే కుదరదు. పీఎఫ్ నామినేషన్ కూడా తీసి చూడండి.

ఇక పాపకు సుకన్య సమృద్ధి ఖాతా ఉన్నట్టు మీరు రాయలేదు. పదేళ్లు నిండితే తెరవనివ్వరు, తొమ్మిది ఇప్పటికే నిండింది. ప్రస్తుతం వడ్డీ 8.2 శాతం, ఏడాదికి 250 రూపాయలు కట్టినా ఖాతా బతికే ఉంటుంది. పిల్ల పేరున ఒక్కటే ఖాతా ఉండాలి, తల్లి తెరిచినా మీరు తెరిచినా చెల్లుతుంది. మీ శ్రీమతిని పార్వతీపురం పోస్టాఫీసులో తెరవమని చెప్పి, నెలకు 1,000 మీరు కట్టండి. అది 15,500లో కలపకండి. వచ్చే నెల కూర్చునే దాకా ఆగకుండా ఈ వారమే ఫోను చేయండి.