‘చేనేత చీరలు’ అని వెతికితే మా సైటు ఎందుకు కనపడదు?

ప్రశ్న: మాది మంగళగిరిలో మూడు మగ్గాల నేత కుటుంబం. ఏడాది క్రితం సొంత వెబ్‌సైటు పెట్టుకున్నాం. ‘చేనేత చీరలు’ అని వెతికితే మొదటి పేజీలో కనపడేలా చేస్తామంటూ ఒక సంస్థ ఆరు నెలలు డబ్బు తీసుకుంది. ఇప్పటికీ ఎక్కడో అడుగునే ఉన్నాం. ‘లాంగ్ టెయిల్ కీవర్డ్స్’ వాడమని ఇప్పుడు మరొకరు అంటున్నారు. అవేమిటి? మాలాంటి చిన్నవాళ్లకు పనికొస్తాయా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: పెద్ద అంగళ్లకన్నా మీకే ఎక్కువ పనికొస్తాయండీ. కీవర్డ్ అంటే జనం గూగుల్ వంటి చోట వెతకడానికి కొట్టే మాట. ఏ మాటను ఎంతమంది వెతుకుతున్నారో గీత గీసి చూస్తే, ‘చేనేత చీరలు’ వంటి కొద్ది మాటల దగ్గర అది నిటారుగా లేచి, తర్వాత సన్నబడుతూ ఎంతకీ తెగని తోకలా సాగిపోతుంది. ఆ తోకలోని ఒక్కో మాటను నెలకు ఏ పదిమందో వెతుకుతారు గానీ, అలాంటి మాటలు లెక్కలేనన్ని ఉంటాయి. రోజూ తన దగ్గరకు వచ్చే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందు ఎన్నడూ చూడనివేనని గూగుల్ ఏళ్లుగా చెబుతోంది. ఆన్‌లైన్‌లో తక్కువగా అమ్ముడయ్యే సరుకుల గురించి 2004లో రాస్తూ వైర్డ్ పత్రిక సంపాదకుడు క్రిస్ ఆండర్సన్ ఈ ‘పొడవాటి తోక’ పోలికను ప్రచారంలోకి తెచ్చారు. కనుక లాంగ్ టెయిల్ అంటే ఎక్కువ పదాలున్న మాట అని చెప్పేవారిది సగం నిజమే. అరుదుగా వెతికేది ఏదైనా తోకలోదే, కాకపోతే అరుదైనది సాధారణంగా పొడవుగానూ ఉంటుంది.

‘చేనేత చీరలు’ అని కొట్టినవారు కొనడానికి వచ్చారో, బొమ్మలు చూడటానికి వచ్చారో, పిల్లల ప్రాజెక్టు కోసం వచ్చారో ఎవరికీ తెలియదు. పైగా ఆ మాట దగ్గర మీకు పెద్ద పెద్ద దుకాణాలతో పోటీ. ‘మంగళగిరి కాటన్ చీర నిజాం అంచు బ్లౌజుతో ధర’ అని కొట్టినవారు మాత్రం దాదాపు కొనడానికి సిద్ధపడే వస్తారు. అలాంటివారు నెలకు పదిమంది వచ్చినా, ఊరికే చూసిపోయే వెయ్యిమంది కన్నా మీకు మేలు.

ఇక ఈ మాటలను ఎక్కడ పట్టుకోవాలి? సాధనాలకు డబ్బు పోసేముందు మీ వాట్సాప్ తెరిచి, గడచిన ఆరు నెలల్లో కొనుగోలుదారులు అడిగినవన్నీ వారి మాటల్లోనే ఒక కాగితం మీదకు ఎక్కించండి. ‘మొదటి ఉతుకులో రంగు దిగుతుందా?’, ‘గంజి పెట్టాలా?’, ‘ఇది చేమగ్గానిదా మరమగ్గానిదా, ఎలా తెలుస్తుంది?’ – మీకు విని విని విసుగు పుట్టించిన ఈ ప్రశ్నలే మీ కీవర్డులు. తర్వాత గూగుల్‌లో ‘మంగళగిరి చీర’ అని కొట్టి, పక్కన ఒక్కో అక్షరం చేరుస్తూ కింద వచ్చే సూచనలను చూడండి. మనవారిలో చాలామంది తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లోనే కొడతారు కాబట్టి అలా కూడా ఒకసారి ప్రయత్నించండి.

ఏ మాటలు వెతికినప్పుడు మీ సైటు గూగుల్ ఫలితాల్లో ఎన్నోదిగా కనపడిందో, ఎందరు క్లిక్ చేశారో సైటు యజమానికి చూపే సాధనం గూగుల్ సెర్చ్ కన్సోల్. మీ సైటును దానికి జతచేసి ఉంటే, అందులో 16 నెలల వరకు లెక్కలు ఉచితంగానే దొరుకుతాయి. ఎక్కువసార్లు కనపడి, సగటు స్థానం 10కీ 30కీ నడుమ ఉండి, క్లిక్కులు మాత్రం రాని మాటల మీద ముందు పని చేయండి. మరీ అరుదైన మాటలను, వెతికినవారి గోప్యత కోసం, ఆ పట్టికలో చూపరు. అందువల్ల మాటలవారీ క్లిక్కులను కూడితే మొత్తంతో సరిపోలకపోవచ్చు, కంగారు పడకండి.

రాసేటప్పుడు ఒక్కో అవసరానికి ఒక్కో పేజీ చాలు. ‘చీర ఉతకడం ఎలా’, ‘చీర ఎలా ఉతకాలి’ అంటూ రెండు పేజీలు పెట్టడం దండగ. మాటల వెనుక భావాన్ని పట్టుకునే బెర్ట్ పద్ధతిని గూగుల్ 2019 డిసెంబరులో తెలుగు సహా 70కి పైగా భాషలకు విస్తరించింది. ఊరి పేరు మాత్రమే మార్చి యాభై పేజీలు వండితే గూగుల్ దానిని స్పామ్ కింద లెక్కగడుతుంది. పేజీ శీర్షికలో కొనుగోలుదారు మాటనే ఉంచి, మొదటి పేరాలోనే సూటిగా జవాబు చెప్పి, కింద మీ మగ్గం మీద, మీ ఫోనుతో తీసిన ఫొటోలు పెట్టండి. నిజాం అంచు నేసే చేతుల ఫొటో ఏ పెద్ద దుకాణం దగ్గరా మీకున్నంత సులువుగా దొరకదు. కొత్త పేజీ ఫలితం తెలియడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

ప్రశ్న: పేజీ కోడ్‌లోని కీవర్డ్స్ ట్యాగులో వంద మాటలు నింపితే ఉపయోగం ఉంటుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉండదు. ర్యాంకు నిర్ణయించడానికి ఆ ట్యాగును తాము చూడబోమని గూగుల్ 2009 సెప్టెంబరులోనే ప్రకటించింది. అది నింపినందుకు ఎవరైనా రుసుము అడిగితే ఇవ్వకండి.