అకాడమీలో లెక్కలు చెప్పేవాళ్లకు విదేశీ యూనివర్సిటీలో ఉద్యోగం వస్తుందా?

మిర్యాలగూడ తమ్ముడు ఒకరు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆయన తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేట్ అకాడమీలో ఎంపీసీ పిల్లలకు మ్యాథ్స్ చెబుతున్నారు. ఎమ్మెస్సీ, బీఈడీ ఉన్నాయి, పీహెచ్‌డీ లేదు. బయటి దేశంలో యూనివర్సిటీలో పాఠం చెప్పాలని ఆశ. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర కడితే గల్ఫ్‌లో లెక్చరర్ పోస్టు ఇప్పిస్తామన్నారట. కట్టొచ్చా, అసలు ఈ తొమ్మిదేళ్లకు అక్కడ విలువ ఉంటుందా అని అడిగారు.

తమ్ముడూ, నేనూ నల్లగొండలో అదే పని చేసి వచ్చినవాణ్ని. పొద్దున ఆరింటికి స్టడీ అవర్, రాత్రి తొమ్మిదింటికి మళ్లీ స్టడీ అవర్, ఎండాకాలం వస్తే అడ్మిషన్ల టార్గెట్. చేతిలో కరపత్రాలు పట్టుకుని హాలియా, నిడమనూరు, నకిరేకల్ ఊళ్లల్లో పదో తరగతి పిల్లల ఇళ్లకు పోయి తల్లిదండ్రులను బతిమాలడం నాకు కొత్త కాదు. ఇప్పుడు ఒమన్‌లో ఒక యూనివర్సిటీ ఫౌండేషన్ విభాగంలో, అంటే డిగ్రీకి ముందు పిల్లలను సిద్ధం చేసే విభాగంలో, లెక్కలు చెబుతున్నాను. కాబట్టి తెలిసినంత వరకు సూటిగా చెబుతాను. ఆ లక్షన్నర కట్టకండి. ఉద్యోగం మాత్రం వస్తుంది. అయితే అకాడమీ నుంచి నేరుగా రాదు. మధ్యలో ఒక డిగ్రీ కాలేజీలోనో ఇంజినీరింగ్ కాలేజీలోనో కొన్నాళ్లు పనిచేయాలి.

ఎందుకంటే మన దగ్గర ఇంటర్ చెప్పేవాళ్లను లెక్చరర్ అంటాం, బోర్డు మీద జూనియర్ కాలేజీ అని ఉంటుంది. బయట మాత్రం ఇంటర్ అంటే పదకొండు, పన్నెండు తరగతులు, అంటే స్కూలు కిందే లెక్క. యూనివర్సిటీ ప్రకటనల్లో ఎక్కువగా అడిగేది పీజీ తర్వాత ఉన్నత విద్యాసంస్థలో బోధించిన అనుభవం. మీరు తొమ్మిదేళ్లు చెప్పినా, ఎంసెట్‌లో ఎన్ని ర్యాంకులు తెప్పించినా, దరఖాస్తు ఫారంలో ఆ గడి దగ్గర సున్నా పడుతుంది. ఇది వింటే మనసు చివుక్కుమంటుంది, నాకూ అలాగే అనిపించింది. అయినా ఆ నిబంధనతో వాదించి లాభం లేదు, ఆ గడి నింపే దారి చూసుకోవాలి.

నేను అకాడమీ మానేసి నల్లగొండ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చేరాను. జీతం బాగా తగ్గింది. "ఉన్న జీతం వదులుకుని తక్కువ జీతానికి పోతవా, పిల్లల ఫీజులు ఎట్ల కడ్తవ్" అని మా నాన్న రోజూ అడిగేవాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. సాయంత్రం ఇంట్లో ట్యూషన్లు పెట్టుకుని ఆ తేడాను కొంత పూడ్చుకున్నాను. మీరు కూడా ఈ లెక్క ముందే ఇంట్లో కూర్చుని వేసుకోండి. రెండు మూడేళ్లు తక్కువ జీతంతో గడవగలదా, ఈఎంఐలు ఏమైనా ఉన్నాయా, అమ్మానాన్నల మందుల ఖర్చు ఎంత అని. ఆ రెండు మూడేళ్లే అసలు పెట్టుబడి. కన్సల్టెన్సీకి కట్టాలనుకున్న లక్షన్నర ఆ రోజుల్లో ఇల్లు గడవడానికి దాచుకోండి.

కాలేజీని ఎంచుకునేటప్పుడు గుర్తింపు చూడండి. డిగ్రీ కాలేజీ అయితే మహాత్మాగాంధీ యూనివర్సిటీకో, పాలమూరు యూనివర్సిటీకో, ఉస్మానియాకో అనుబంధంగా ఉండాలి. ఇంజినీరింగ్ కాలేజీ అయితే ఏఐసీటీఈ అనుమతి, జేఎన్‌టీయూ అనుబంధం ఉండాలి. అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాగితం మీద తీసుకోండి. జీతం మొత్తం బ్యాంకులో పడాలని మొదటి రోజే అడగండి. సగం బ్యాంకులో, సగం కవర్లో ఇచ్చే పద్ధతి మన దగ్గర ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు. కవర్లో ఇచ్చినదానికి ఏ రుజువూ ఉండదు. అనుభవ పత్రంలో తేదీలు, పే స్లిప్పుల్లో తేదీలు, పీఎఫ్ ఖాతాలో తేదీలు ఒకదానితో ఒకటి కలవాలి. బయటివాళ్లు ఆ కాగితాన్ని చూసి వదిలేయరు, కాలేజీకే మెయిల్ రాసి అడుగుతారు.

ఇంకో మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కాలేజీలోనూ పెట్టకండి. నేను పనిచేసిన అకాడమీలో చేరినప్పుడు ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకుని తాళం వేశారు, మధ్యలో మానేస్తే ఇవ్వరన్నమాట. బయటికొచ్చాక అవి నా చేతికి రావడానికి ఒక ఎండాకాలమంతా పట్టింది. మీవి ఇప్పుడు అక్కడే ఉంటే, జిరాక్సులు అటెస్ట్ చేయించాలనో, పాస్‌పోర్ట్ పని ఉందనో అడిగి ముందు తెచ్చుకోండి.

కాగితాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. మీ దగ్గర ఎమ్మెస్సీ ప్రొవిజనల్ ఉందా, కాన్వొకేషన్ డిగ్రీ ఉందా చూసుకోండి. మనలో చాలామంది ప్రొవిజనల్, మార్కుల మెమోలతోనే ఏళ్లు గడిపేస్తాం, ఇక్కడ ఉద్యోగానికి అవి సరిపోతాయి కాబట్టి. బయటికి పోవాలంటే ఒరిజినల్ డిగ్రీయే కావాలి. డిగ్రీకీ, పీజీకీ రెండింటికీ ఇవాళే దరఖాస్తు పెట్టండి. ఆ తర్వాత పేరు. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా విప్పి రాస్తారు, డిగ్రీ మీద మళ్లీ ఇంకోలా ఉంటుంది. మనకు చూడగానే ఒకే మనిషని తెలుస్తుంది, మస్కట్‌లో కూర్చున్న గుమాస్తాకు తెలియదు. పాస్‌పోర్ట్‌నూ సర్టిఫికెట్లనూ ముందే సరిచూసుకుని, తేడా ఉంటే దిద్దించుకోండి.

ఎమ్మెస్సీ రెగ్యులర్‌గా చేశారా, దూరవిద్యలోనా అన్నది మీరు రాయలేదు. ఇది చాలా ముఖ్యం. గల్ఫ్‌లో చాలాచోట్ల దూరవిద్య పీజీని అధ్యాపక ఉద్యోగానికి ఒప్పుకోరు. రెగ్యులర్ అయితే, రెగ్యులర్‌గానే చదివారని యూనివర్సిటీ నుంచి ఒక లేఖ తీసి పెట్టుకోండి, తర్వాత అడిగే అవకాశం ఉంది. ఆపైన డిగ్రీల మీద రాష్ట్ర ప్రభుత్వ అటెస్టేషన్, దానిమీద విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే పత్రం మీది సంతకం, ముద్ర నిజమైనవేనని బయటి దేశాలకు చెప్పే ధ్రువీకరణ, వేయించాలి. అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది. ఒమన్ 2012 నుంచి, సౌదీ 2022 డిసెంబర్ నుంచి ఉన్నాయి. ఒప్పందంలో లేని దేశాలకు పోయేవాళ్లు ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా వేయించుకోవాలి.

ఇక మీ అనుభవానికి విలువ ఉందా అన్న ప్రశ్న. కాగితం మీద లేదన్నాను కానీ తరగతి గదిలో దానికి చాలా విలువ ఉంది. అయితే ఆ విలువ మీరనుకున్నచోట ఉండకపోవచ్చు. స్టార్ బ్యాచ్‌కు జేఈఈ లెక్కలు చెప్పడం దగ్గర కాదు, చివరి సెక్షన్‌కు చెప్పిన పాఠాల దగ్గర ఉంది.

ఒమన్‌లో డిగ్రీలో చేరేముందు పిల్లలు ఫౌండేషన్ కోర్సు చదవాలి. దానికి 2008లో జాతీయ ప్రమాణాలు పెట్టారు. ఇంగ్లిష్, గణితం, కంప్యూటర్, చదువుకునే పద్ధతులు అందులో ఉంటాయి. అక్కడికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది బడిలో అరబీ మాధ్యమంలో చదివినవాళ్లు. లెక్క తెలుసు, కానీ ప్రశ్న ఇంగ్లిష్‌లో కనిపించేసరికి పెన్ను ఆగిపోతుంది. దేవరకొండ, చందంపేట వైపు నుంచి తెలుగు మీడియంలో పదో తరగతి అయి వచ్చి, ఇంటర్ ఫస్టియర్‌లో ఇంగ్లిష్ మీడియం పుస్తకం ముందు బిక్కమొహం వేసే పిల్లలను మీరు ఎంతమందిని చూసి ఉంటారు! వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగిన మనిషి ఇక్కడా చెప్పగలడు.

నా ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో జరిగింది. చిన్న డెమో అడిగారు. నేను 3x + 5 = 20 అని రాసి, తర్వాత ఏం చేద్దామని ప్యానెల్‌నే అడిగాను. అందులో ఒకాయన విద్యార్థిలా నటిస్తూ, మూడూ ఐదూ కలిపి 8x = 20 అన్నారు. ఆ జవాబు నేను నల్లగొండలో లెక్కలేనన్నిసార్లు విన్నదే. తప్పని అనలేదు. "సరే, అలాగే చేద్దాం, x ఎంత వచ్చింది" అన్నాను. రెండున్నర అన్నారు. దాన్ని మొదటి సమీకరణంలో పెట్టి చూడమన్నాను. ఏడున్నరకు ఐదు కలిపితే పన్నెండున్నర, ఇరవై రాలేదు. "ఎక్కడ తేడా వచ్చిందో మీరే వెతకండి" అని ఆగాను. తర్వాత వాళ్లు ర్యాంకుల గురించి ఒక్క మాట అడగలేదు. తరగతిలో సగం మందికి అర్థం కాకపోతే అది మీకెలా తెలుస్తుంది, తెలిశాక మర్నాడు ఏం చేస్తారు, ఈ రెండూ మళ్లీ మళ్లీ అడిగారు.

కాబట్టి మీ సీవీలో ర్యాంకుల పట్టిక తీసేయండి. దాని బదులు వెనకబడిన సెక్షన్‌తో ఏం చేశారో రాయండి: బ్రిడ్జి కోర్సు నడిపారా, స్లిప్ టెస్టులు దిద్దాక మళ్లీ ఎలా చెప్పారు, ప్రశ్నపత్రం తయారుచేశారా. మీ పాఠం ఒకటి ఫోన్‌లో రికార్డు చేసి చూసుకోండి. అకాడమీలో మనం బోర్డు నిండా గబగబా లెక్కలు చేసేస్తాం, పిల్లలు ఎక్కించుకుంటారు. ఇక్కడ లెక్క విద్యార్థి చేతే చేయించాలి, మనం పక్కన నిలబడాలి. షార్ట్‌కట్ చెబితే మెచ్చుకోరు, మెట్లు చూపించమంటారు. దిద్దిన పేపర్లను రెండో అధ్యాపకుడు మళ్లీ చూస్తాడు. ఇంజినీరింగ్ కాలేజీలో ఉండే రెండు మూడేళ్లలోనే ఈ అలవాటు చేసుకోవచ్చు. ఇంగ్లిష్‌లో తడబాటు ఉంటే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు చదవండి, పరీక్ష మాత్రం దరఖాస్తులు పెట్టే సమయం దగ్గరపడ్డాకే రాయండి, ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.

పీహెచ్‌డీ సంగతి. ఫౌండేషన్ విభాగాల్లో పీజీతో అవకాశాలుంటాయి, డిగ్రీ స్థాయి శాఖల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే మాత్రం పీహెచ్‌డీ లేకుండా కష్టం. జడ్చర్ల మిత్రుడొకడు కెమిస్ట్రీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ పూర్తిచేసి ఇథియోపియాకు వెళ్లాడు. అక్కడ యూనివర్సిటీ చదువు ఇంగ్లిష్‌లోనే, మన తెలుగు అధ్యాపకులు ఎంతోమంది ఆ దేశంలో పనిచేశారు. నా సలహా అయితే, కాలేజీలో చేరిన ఏడాదే పీహెచ్‌డీకి నమోదు చేయించుకోండి. రెండు పనులూ ఒకేసారి సాగుతాయి.

ఖాళీల కోసం యూనివర్సిటీల సొంత వెబ్‌సైట్లలో కెరీర్స్ పేజీ చూడండి. టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్, జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే లాంటి చోట్ల కూడా ప్రకటనలు వస్తాయి. దరఖాస్తుకు ఎవరికీ రూపాయి కట్టక్కర్లేదు. ఏజెంటు ద్వారానే పోవాలనుకుంటే, వాళ్లకు విదేశాంగ శాఖ లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నంబరు కొట్టి చూడండి. లైసెన్స్ ఉన్న ఏజెంటు కూడా చట్టప్రకారం తీసుకోగలిగేది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర అడిగారంటే అక్కడే విషయం తేలిపోయింది. ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో పంపి, సీటు అయిపోతుంది, ఇవాళే కట్టండి అని తొందరపెడితే ఆ నంబరు బ్లాక్ చేయండి.

ఆఫర్ వచ్చాక జీతం అంకె చిన్నగా ఉందని కంగారుపడకండి. ఒమన్ రియాల్‌ను 1986 నుంచి డాలర్‌కు ఒకే రేటుతో కట్టిపెట్టారు, ఒక రియాల్ అంటే 2.6 డాలర్లు. అంకె కన్నా ఒప్పందంలో మిగతా పంక్తులు చదవండి. ఇల్లు వాళ్లిస్తారా, అద్దె భత్యమా. కుటుంబానికి టికెట్, వైద్య బీమా ఉన్నాయా. ఒప్పందం ఏడాదికా రెండేళ్లకా. మీకు స్కూలు వయసు పిల్లలుంటే ఆ ఊళ్లో ఇండియన్ స్కూల్ ఉందో లేదో, దాని ఫీజు ఎంతో కనుక్కోండి. నాకు తెలిసిన ఒకాయన ఫీజు మోయలేక ఏడాదిలోపే భార్యాపిల్లలను సూర్యాపేటకు పంపించేశాడు. స్థానికులను నియమించే విధానం అన్ని గల్ఫ్ దేశాల్లోనూ గట్టిగా సాగుతోంది, కాబట్టి ఇది పెన్షన్ దాకా ఉండే ఉద్యోగమని లెక్క వేసుకోకండి.

చివరగా, రాజీనామా. ఆఫర్ లెటర్ చూసి రాజీనామా చేయకండి. మెడికల్, పోలీస్ క్లియరెన్స్ అయి వీసా చేతికొచ్చాకే చేయండి. అకాడమీ మానేసి కాలేజీకి మారడమైతే ఇంటర్ పబ్లిక్ పరీక్షలు మార్చిలో అయిపోగానే మారండి. పిల్లలకు నష్టం ఉండదు, ఏప్రిల్ అడ్మిషన్ల టార్గెట్ మీ మెడకు పడకముందే బయటపడతారు, కాలేజీల్లో కొత్త నియామకాలు కూడా ఆ తర్వాతే మొదలవుతాయి.