చిన్న కేసులో వాటర్ కూలింగ్: ముందు కొలత, తరువాత కిట్

ప్రశ్న: నా కంప్యూటర్ సుమారు 18 లీటర్ల చిన్న కేసులో ఉంది. మినీ ఐటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు, ఏఎండీ వారి ఏఎం5 సాకెట్‌లో 105 వాట్ల ప్రాసెసర్, 200 వాట్లు తీసుకునే గ్రాఫిక్స్ కార్డు వాడుతున్నాను. వీడియోలు ఎగుమతి చేసేటప్పుడు ఎయిర్ కూలర్ ఫ్యాన్ మోత భరించలేకుండా ఉన్నాను. ఇంతకు ముందెన్నడూ వాటర్ కూలింగ్ జోలికి పోలేదు. ప్రారంభకుల కోసం అమ్మే 240 రేడియేటర్ (నీటిలోని వేడిని గాలికి వదిలే భాగం) కిట్ కొని, ముందు ప్రాసెసర్‌కు, తరువాత గ్రాఫిక్స్ కార్డుకు కూడా అదే నీటిని తిప్పాలని ఆలోచన. ఇది సరైన ఎంపికేనా? లేక గొట్టాలు బిగించి, నీళ్లు నింపి అమ్మే ఆల్ ఇన్ వన్ కూలర్ చాలా?

జవాబు: మీ ఉత్తరంలో వాట్ల లెక్కలన్నీ ఉన్నాయి కానీ, కేసు లోపలి కొలత ఒక్కటీ లేదు. చిన్న కేసులో నిర్ణయమంతా ఆ కొలతల మీదే ఆధారపడుతుంది కనుక ముందు అక్కడి నుంచే మొదలుపెడదాం.

240 రేడియేటర్ అంటే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు పక్కపక్కన పట్టేదని అర్థమే తప్ప, అది రేడియేటర్ పొడవు కాదు. రెండు చివర్లలో ఉండే నీటి గదులతో కలిపి చాలా మోడళ్లు 275 మిల్లీమీటర్లు దాటుతాయి. పలుచనివాటి మందం 27 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. దానికి 25 మిల్లీమీటర్ల ఫ్యాన్ చేరిస్తే 52 నుంచి 55 అవుతుంది. ఆపైన గొట్టాన్ని రేడియేటర్‌కు కలిపే ఫిట్టింగ్‌కూ, అక్కడి నుంచి గొట్టం వంగి తిరగడానికీ చోటు కావాలి. కేసు తయారీదారు ‘240 రేడియేటర్ పడుతుంది’ అని రాసినప్పుడు ఈ చివరి రెండింటినీ లెక్కలోకి తీసుకున్నారో లేదో ఆ వాక్యం చెప్పదు.

అందుచేత డబ్బు ఖర్చు పెట్టకముందే ఒక పని చేయండి. పాత అట్టపెట్టె కోసి, 280 మిల్లీమీటర్ల పొడవు, 120 వెడల్పు, 55 మందం ఉండే దిమ్మెగా మడిచి టేపు వేయండి. కేసు మూత తీసి, గ్రాఫిక్స్ కార్డునూ కేబుళ్లనూ ఉన్నచోటే ఉంచి, రేడియేటర్ రావలసిన చోట ఆ దిమ్మెను నిలబెట్టండి. మెమరీ స్టిక్కుల అంచు తగులుతోందా, 24 పిన్నుల పవర్ కేబుల్ వంపు అడ్డొస్తోందా, మూత బలవంతం చేయకుండా మూసుకుంటోందా అన్నది చూడండి. నేను మొదటిసారి చిన్న కేసులో లూప్ (నీరు తిరిగే పూర్తి వలయం) కట్టినప్పుడు ఈ పని చేయలేదు. రేడియేటర్ చక్కగా కూర్చుంది కానీ, ఫిట్టింగ్‌కూ 24 పిన్నుల కేబుల్‌కూ మధ్య రెండు వేళ్లు దూరే సందు లేకపోవడంతో గొట్టాన్ని పట్టి ఉంచే కాలర్‌ను పూర్తిగా బిగించలేకపోయాను. మదర్‌బోర్డుతో సహా అంతా విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది.

ఇక వేడి సంగతి. ఏఎం5లో 105 వాట్లని రాసిన ప్రాసెసర్ పూర్తి పని మీద ఉన్నప్పుడు 142 వాట్ల వరకు తీసుకుంటుంది. దానికి కార్డు తీసుకునే 200 కలిస్తే దాదాపు 340 వాట్లు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒక్కొక్కదానికి 100 నుంచి 150 వాట్లు అన్నది లూప్‌లు కట్టేవారు మోటుగా వేసుకునే లెక్క. ఫ్యాన్ నెమ్మదిగా, నిశ్శబ్దంగా తిరగాలంటే అందులో తక్కువ అంకెనే తీసుకోవాలి. ఆ ప్రకారం పలుచని 240 రేడియేటర్ మీ ప్రాసెసర్ ఒక్కదానికి హాయిగా సరిపోతుంది. రెండింటికీ కలిపితే పని జరుగుతుంది కానీ, ఫ్యాన్లు మళ్లీ వేగం పుంజుకొని మీరు వదిలించుకోవాలనుకున్న మోతే తిరిగి వస్తుంది. నీరు వేడిని మోసుకెళ్లే వాహనం మాత్రమే, చివరికి దాన్ని గదిలోని గాలికి అప్పగించేది రేడియేటరే.

కాబట్టి నా సలహా ఇది. అట్ట దిమ్మె ఒక్కటే పట్టి, రెండో రేడియేటర్‌కు చోటు లేకపోతే కిట్ ఆలోచన మానుకోండి. ప్రాసెసర్‌కు మంచి ఆల్ ఇన్ వన్ కూలర్ పెట్టుకొని, కార్డును దాని సొంత ఫ్యాన్లకే వదిలేయండి. అలా చేసినప్పుడు రేడియేటర్ పైఅంచు పంపు కంటే ఎత్తులో ఉండేలా బిగించండి. లోపల మిగిలిన గాలి పైకి చేరి రేడియేటర్‌లో నిలుస్తుంది, పంపులోకి రాదు. కేసు అడుగున, లేదా ఇంకో పక్కన మరో 120 లేదా 240 రేడియేటర్ పట్టేటట్లయితే మాత్రం కిట్ కొనడంలో అర్థం ఉంది. తరువాత కార్డును కలుపుకొనే వెసులుబాటు, నీరు మార్చుకొనే వీలు, చెడిన భాగాన్ని మాత్రమే మార్చుకొనే సౌలభ్యం కిట్‌తోనే వస్తాయి.

కిట్ ఎంచుకొనేటప్పుడు అన్నింటికన్నా ముందు లోహం చూడండి. వాటర్ బ్లాక్ (ప్రాసెసర్ మీద బిగించే, లోపల నీరు పారే భాగం) అడుగు రాగి అయితే రేడియేటర్ కూడా రాగిదో ఇత్తడిదో కావాలి. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో కలిసి ఉంటే అల్యూమినియం క్రమంగా తినేయబడుతుంది. పూర్తిగా అల్యూమినియంతో చేసిన కిట్లు చవకగా దొరుకుతాయి, వాటంతట అవి పనిచేస్తాయి కూడా. అయితే రేపు మీరు కొనే గ్రాఫిక్స్ కార్డు బ్లాక్ దాదాపు ఖాయంగా రాగిదే అవుతుంది కనుక అలాంటి కిట్ మీ దారిని మొదట్లోనే మూసేస్తుంది.

రెండోది పంపు. చిన్న కేసుకు పంపు, రిజర్వాయర్ ఒకే ముక్కగా ఉన్నది తీసుకోండి. డీ5 రకం పెద్దది, నిశ్శబ్దమైనది. డీడీసీ రకం చిన్నది, కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. మీ కేసులో డీడీసీకే చోటు దొరకవచ్చు. మూడోది వాటర్ బ్లాక్‌ను మదర్‌బోర్డుకు బిగించే బ్రాకెట్. ఏఎం5 మదర్‌బోర్డు వెనక పలక సాకెట్‌తోనే బిగించి ఉంటుంది, దాన్ని తీయలేరు. వాటర్ బ్లాక్‌తో సొంత వెనక పలక ఇచ్చి, అదే వాడమనే పాత కిట్ మీకు పనికిరాదు. గొట్టం విషయంలో మొదటిసారికి మెత్తనిదే మేలు. లోపల 10, బయట 16 మిల్లీమీటర్లు ఉన్న మందపాటి గొట్టం, 10కి 13 ఉన్న పలుచని గొట్టం కంటే ఇరుకు వంపుల్లో నొక్కుకుపోకుండా నిలుస్తుంది. కాకపోతే దాని ఫిట్టింగ్ లావుగా ఉండి చోటు తింటుంది.

ఇంకొక్క మాట. ఎయిర్ కూలర్ తీసేస్తే ప్రాసెసర్ చుట్టూ ఉన్న విద్యుత్ భాగాలకు తగిలే గాలి కూడా పోతుంది. కేసు ఫ్యాన్ ఒకటి అటువైపు వీచేలా చూసుకోండి.

ప్రశ్న: నీళ్లు కారి అన్నీ పాడవుతాయేమోనని భయం. ముందే తెలుసుకొనే మార్గం ఉందా?

జవాబు: ఉంది, దాన్ని ఎవరూ దాటవేయకూడదు. లూప్ మొత్తం బిగించాక మదర్‌బోర్డుకూ కార్డుకూ పోయే పవర్ కేబుళ్లన్నీ తీసేయండి. పవర్ సప్లై స్విచ్ ఆపి ఉంచి, 24 పిన్నుల కనెక్టర్‌కు బ్రిడ్జి ప్లగ్ (మదర్‌బోర్డు లేకుండానే పవర్ సప్లై పనిచేసేలా చేసే ప్లగ్) పెట్టి, పంపుకు మాత్రమే కరెంటు అందేలా చేయండి. రిజర్వాయర్ నింపి, స్విచ్ వేసి కొద్ది క్షణాలు పంపు తిప్పి, నీటి మట్టం అడుగంటకముందే ఆపి, మళ్లీ నింపండి. నీరు లేకుండా పంపు తిరిగితే దాని బేరింగ్ త్వరగా పాడవుతుంది. గాలి బుడగలు పోయే దాకా ఇలా చేసి, ప్రతి ఫిట్టింగ్ కింద తెల్లని టిష్యూ కాగితం పరచి 24 గంటలు పంపును తిరగనివ్వండి. కంటికి కనిపించని తేమ కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది. మచ్చ కనిపిస్తే ఫిట్టింగ్‌ను బలంగా బిగించే ముందు విప్పి చూడండి. చాలాసార్లు లోపలి రబ్బరు రింగు పక్కకు నలిగి ఉంటుంది, ఎంత బిగించినా కారడం ఆగదు.

ప్రశ్న: రంగు నీళ్లు పోయవచ్చా? నీరు ముందు ప్రాసెసర్‌కు పోవాలా, కార్డుకా?

జవాబు: తుప్పు, నాచు పట్టకుండా మందు కలిపి అమ్మే రంగులేని కూలెంట్ వాడండి. పాలలా చిక్కగా కనిపించే రంగు ద్రవాలలోని రేణువులు కాలక్రమేణా వాటర్ బ్లాక్‌లోని సన్నని గాడుల్లో పేరుకొని ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. కుళాయి నీరు అసలే వద్దు. ఏడాదికొకసారి కూలెంట్ మార్చండి.

వరుస గురించి ఆందోళన అనవసరం. నిమిషానికి 3 లీటర్ల నీరు తిరుగుతుంటే 200 వాట్ల కార్డును దాటి వచ్చే నీరు వేడెక్కేది సుమారు 1 డిగ్రీ మాత్రమే. గొట్టం తక్కువ పొడవుతో, మెలికలు లేకుండా ఎటు వెళితే అదే మీకు సరైన వరుస. పంపు ఇన్‌లెట్‌కు మాత్రం రిజర్వాయర్ నుంచే, పై నుంచి కిందికి నీరు దిగేలా అమర్చండి.