మధ్యలో వణుకుతుండగానే తీసెయ్

బుజ్జీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటే నాకే టెన్షన్ వచ్చింది. ఆఫీసు పాట్‌లక్ (తలా ఒక వంట తెచ్చే విందు) జాబితాలో పులిహోర అని రాసి ఊరుకోకుండా, మాకరోనీలో చీజ్ వేసి చేసే మాక్ అండ్ చీజ్ దగ్గర పేరు రాశావు. అదీ అట్లాంటాలో, థాంక్స్‌గివింగ్ వారంలో! రాసినందుకు నాకు సంతోషంగానే ఉంది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చదువుకునే రోజుల్లో తిన్న నీలం పెట్టె సంగతి పక్కన పెట్టు. క్రాఫ్ట్ వాళ్ళు 1937 నుంచి అమ్ముతున్న ఆ పొడి మాకరోనీ దారి వేరు. హోటళ్ళలో వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, చీజ్ కరిగించి చేసే సాసు దారి వేరు. ఇక్కడ అమెరికా దక్షిణాది ఇళ్ళలో పండక్కి చేసేది గుడ్లూ పాలూ కలిపి, చీజ్ వేసి, ఓవెన్‌లో గట్టిపడనిచ్చేది. చాకుతో కోస్తే ముక్కగా లేస్తుంది. మన వంటల్లో దీనికి చుట్టం జున్ను. అమ్మమ్మ జున్నుపాలు ఆవిరి మీద పెట్టి, మూత తీసి, గిన్నె అంచు మీద వేలితో తట్టేది గుర్తుందా? అంచులు కదలకుండా మధ్యలో మాత్రం సన్నగా వణికితే వెంటనే దించేసేది. ఈ వంటంతా ఆ వణుకులోనే ఉంది.

నాకిది నేర్పింది స్కూలు వంటగదిలో నాతో పాటు పదకొండేళ్ళు పనిచేసినావిడ. జార్జియాలోని మేకన్ ఊరు, నల్లజాతి కుటుంబం. థాంక్స్‌గివింగ్ బల్ల మీద టర్కీ ఎవరు చేసినా తింటారట గానీ, మాక్ అండ్ చీజ్ ఎవరు చేశారో కనుక్కుని మరీ పళ్ళెంలో పెట్టుకుంటారట. వాళ్ళింట్లో ఆ పని ఆవిడ చేతికి రావడానికి నలభై ఏళ్ళు దాటాయని గర్వంగా చెప్పేది. దీని వెనక పెద్ద కథే ఉంది. థామస్ జెఫర్సన్ దగ్గర బానిసగా ఉన్న జేమ్స్ హెమింగ్స్ 1784లో ఆయనతో పారిస్ వెళ్ళి, ఫ్రెంచి వంట నేర్చుకుని వచ్చాడు. 1802లో జెఫర్సన్ ప్రెసిడెంటుగా ఇచ్చిన విందులో మాకరోనీ వడ్డించినట్టు అతిథి ఒకాయన డైరీలో రాసుకున్నాడు. అప్పటికే హెమింగ్స్ పోయాడు. అలాంటి వంటవాళ్ళ చేతుల మీదుగానే ఈ వంట దక్షిణాది ఇళ్ళలో పాతుకుపోయింది. అందుకే చెబుతున్నాను, మొదటిసారి పచ్చిమిర్చీ కరివేపాకూ వెయ్యకు. వాళ్ళు చేసినట్టు చెయ్యడం వచ్చాక మీ ఇంట్లో నీ ఇష్టం.

ఇక సరుకులు. 9 బై 13 అంగుళాల గాజు పాన్‌కి ఎల్బో మాకరోనీ (వంపు తిరిగిన చిన్న గొట్టాలు) ఒక పౌండు, అంటే 450 గ్రాములు. గుడ్లు నాలుగు. ఎవాపరేటెడ్ మిల్క్ 12 ఔన్సుల డబ్బా ఒకటి, చిక్కటి హోల్ మిల్క్ రెండు కప్పులు, వెన్న నాలుగు టేబుల్ స్పూన్లు. చీజ్‌లలో ఘాటైన షార్ప్ చెడ్డార్ 12 ఔన్సులు, మెత్తటి మాంటెరీ జాక్ 8 ఔన్సులు. రెండు రకాలు ఎందుకంటే రుచి చెడ్డార్‌ది, సాఫీగా కరిగే గుణం జాక్‌ది. బాగా ముదిరిన చెడ్డార్ ఒక్కటే వేస్తే వేడికి నూనె పైకి తేలుతుంది.

పాల డబ్బా తీసుకునేటప్పుడు పేరు రెండుసార్లు చదువు. కొట్లో కండెన్స్‌డ్ మిల్క్ దాని పక్కనే ఉంటుంది. పరధ్యానంగా అది తెచ్చావంటే అంతా పాయసమే. ఎవాపరేటెడ్‌లో చక్కెర ఉండదు, పాలలో నీళ్ళు సగానికి పైగా ఇగరబెట్టి ఉంటారు. అది పోస్తే వేడికి తొందరగా విరగదు. ఖర్చు కలిసొస్తుందని మామూలు పాలే మొత్తం పొయ్యకు. వెన్న తీసేసిన స్కిమ్ మిల్క్ అసలే వద్దు.

చీజ్ దిమ్మగా కొని ఇంట్లోనే తురుముకో. ఒకదానికొకటి అంటుకోకుండా తురుము ప్యాకెట్లలో పిండి, సెల్యులోజ్ చల్లుతారు. కావాలంటే చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూడు, తెల్లటి పొడి అంటుతుంది. అది పాలలో కలిస్తే నాలుకకి సుద్దలా తగులుతుంది. ఇరవై ఔన్సులు తురమడానికి చెయ్యి నొప్పి పుడుతుంది, నాకు తెలుసు. ముందు రోజు రాత్రే తురిమి ఫ్రిజ్‌లో పెట్టుకో.

మాకరోనీని ఉప్పు వేసిన నీళ్ళలో, ప్యాకెట్ మీద రాసినదానికి రెండు నిమిషాల ముందే వార్చెయ్యి. కొరికితే లోపల సన్నటి తెల్లచుక్క కనపడాలి. మిగతా ఉడుకు ఓవెన్‌లో పాలు పీల్చుకుంటూ అవుతుంది. వార్చిన వెంటనే వెన్న కలిపి, వెడల్పాటి పళ్ళెంలో పరిచి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగు. ఇక్కడ తొందరపడితే గుడ్డు మాకరోనీ మీదే పొరటులా ఉడికిపోతుంది.

ఈలోగా గుడ్లు నురుగు రాకుండా గిలక్కొట్టి, రెండు రకాల పాలూ పోసి, జల్లెడలో వడకట్టు. ఉప్పు ఒక టీస్పూను, మిరియాల పొడి అర టీస్పూను, ఆవపొడి అర టీస్పూను. ఆవ వాళ్ళ పద్ధతే, మన చేర్పు కాదు. మనం పనసపొట్టు కూరలో పెట్టినంత ఘాటు రాకూడదు. చీజ్ రుచిని కాస్త ముందుకు తెస్తే చాలు.

పాన్‌కి వెన్న రాసి, సగం మాకరోనీ, దాని మీద గుప్పెళ్ళతో చీజ్, మళ్ళీ మాకరోనీ, మళ్ళీ చీజ్. పైన చల్లడానికి ఒక కప్పు తురుము పక్కన ఉంచుకో. పాల మిశ్రమం మూలల నుంచి మెల్లగా పోసి, పై మాకరోనీ వంపులు కాస్త బయటికి కనపడుతుండగా ఆపు. మిగిలిన చీజ్, కాస్త పాప్రికా చల్లి 350 ఫారెన్‌హీట్‌లో పెట్టు. నలభై నిమిషాలు అనుకో, కానీ ముప్పై నుంచే చూడటం మొదలుపెట్టు.

నేను పాడుచేసింది ఇక్కడే. మొదటిసారి ఇంట్లో చేసినప్పుడు నలభై నిమిషాలకి మధ్యలో ఇంకా వణుకుతోంది. గుడ్డు పచ్చిగా ఉందేమో, పిల్లలు తింటారు కదా అని భయపడి ఇంకో ఇరవై నిమిషాలు ఉంచాను. బయటికి తీసి కోస్తే అడుగున పసుపు నీళ్ళు, మాకరోనీ మధ్య విరిగిన పాల లాంటి పలుకులు. వేడి ఎక్కువైతే గుడ్డు బిగుసుకుపోయి, పట్టి ఉంచిన నీళ్ళన్నీ బయటికి పిండేస్తుంది. ఆ తర్వాత ఏం చేసినా వెనక్కి రాదు. మర్నాడు ఆవిడకి చెబితే, పాన్ చివర పట్టుకుని కొద్దిగా ఊపి చూపించింది. అంచుల నుంచి రెండంగుళాల మేర కదలకూడదు, మధ్యలో అరచేతి వెడల్పు మాత్రం ఒకే ముద్దగా వణకాలి. పాలు అలలా పారితే ఇంకా పచ్చి.

నీకు అనుమానమైతే వంట థర్మామీటర్ కొనుక్కో. మధ్యలో గుచ్చితే 165 ఫారెన్‌హీట్ చూపించాలి. గుడ్డు వంటలకి ఇక్కడి ప్రభుత్వం చెప్పేది 160, కాబట్టి భయం లేదు. తీశాక కూడా లోపలి వేడి ఇంకాస్త ఎక్కుతుంది. ఇరవై నిమిషాలు ముట్టుకోకు. ఆ ఇరవై నిమిషాల్లోనే అది ముక్కగా నిలబడేది.

పాట్‌లక్‌కి పాన్‌ని ఫాయిల్ మూసి, తువ్వాలు చుట్టి తీసుకెళ్ళు. బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి, పైకి చూస్తే ఇందులో గుడ్లు ఉన్నట్టు తెలియదు. మీ ఆఫీసులో మనవాళ్ళు, గుజరాతీలు చాలామంది గుడ్డు ముట్టరు. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి పాన్ ముందు నిలబెట్టు. కొన్ని చీజ్‌లలో పాలు తోడుకోవడానికి వేసే, దూడ కడుపు నుంచి తీసే రెనెట్ ఉంటుంది, లేబుల్ చూసి కొను. ఎవరైనా అడిగితే తడబడకుండా చెప్పగలగాలి.

ఈ ఆదివారం సగం కొలతతో ఒకసారి చేసి చూడు. ఓవెన్‌లో పెట్టగానే వీడియో కాల్ చెయ్యి. ముప్పై నిమిషాల దగ్గర పాన్ ఊపి నాకు చూపించు, ఎప్పుడు తియ్యాలో నేను చెబుతాను.

మీ పెద్దమ్మ