తప్పు మా అక్కదేనా?

ప్రశ్న: మా అక్క కొడుక్కి ఆరేళ్లు మేడమ్, కింద కూర్చుంటే తొడల మీద చేతులేసి ఒక్కో మెట్టు ఎక్కినట్టు లేస్తున్నాడు, డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ (కండరాలు క్రమంగా బలహీనపడే జబ్బు) అన్నారు. అత్తగారేమో నీ వల్లే అంటోంది.
– పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు అక్క పక్కన కూర్చోండమ్మా. ఈ జబ్బు తెచ్చే జీన్ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, తల్లికి తెలియకుండానే కొడుక్కి వస్తుంది, దాదాపు మూడింట ఒక వంతు కేసుల్లో తల్లిలో కూడా ఉండదు, బిడ్డలోనే కొత్తగా వస్తుంది, ఇందులో తప్పెక్కడుంది? 2021 రేర్ డిసీజ్ పాలసీ కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల కేంద్ర సంస్థ), నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన జబ్బుల సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్, అక్కడికెళ్లి జెనెటిక్ కౌన్సెలింగ్ అడగండి, మీలోనూ ఆ లోపం ఉందేమో చూసే క్యారియర్ టెస్ట్ గురించి అడగండి. జీన్ రిపోర్ట్ మాత్రం భద్రం, జీన్‌లోని ముక్కల్ని ఎక్సాన్లు అంటారు, ఒక ముక్కను దాటేసేలా చేసే ఎక్సాన్ స్కిప్పింగ్ మందులు ఏ ఎక్సాన్ పోయిందో దాన్ని బట్టే పనిచేస్తాయి. ఓపీలో ఇలాంటి పిల్లాడి అమ్మ కనిపిస్తే అక్కని మాట్లాడమనండి, నంబర్ తీసుకోమనండి.